నవజాత శిశువుల నర్సు కావాలంటే: ఇంటర్ నుంచి ఎన్‌ఐసీయూ దాకా

పసిపిల్లలంటే ఇష్టం కాబట్టి ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్) నర్సు కావాలనుకునేవాళ్లు చాలామంది. ఇష్టం ఉండాల్సిందే, కానీ అక్కడ వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే యంత్రం) మీద ఉండే బిడ్డ బరువు ఒక్కోసారి 900 గ్రాములు. ఎత్తుకుని లాలించడం అటుంచి, అవసరం లేకుండా తాకినా ఆ బిడ్డకు ఆక్సిజన్ పడిపోతుంది. సిరంజిలో 0.1 మి.లీ. తేడాను పట్టుకునే కన్ను, రాత్రి మూడు గంటలకైనా చేతులు కడగకుండా బిడ్డను ముట్టని అలవాటు, మానిటర్ మోగేలోపే బిడ్డ రంగు చూసి అనుమానించే నేర్పు కావాలి. ఇవి పుస్తకంతో రావు. ఏ కోర్సు, ఏ కళాశాల, ఏ ఉద్యోగం ఎంచుకున్నా, అక్కడ ఎంతమంది బిడ్డల పక్కన నిలబడి పని నేర్చుకునే వీలుందన్నది ముందు చూసుకోండి.

కోర్సు ఎంచుకోవడం

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి, ఇంగ్లిష్ పాసై ఉండాలి. ఆ మూడు సైన్సుల్లో కలిపి 45 శాతం మార్కులు కావాలి, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం చాలు. చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) మూడేళ్లు. ఇంటర్ ఏ గ్రూపైనా 40 శాతంతో పాసైతే చేరవచ్చు. రెండేళ్ల ఏఎన్‌ఎం పల్లెల్లో, ఉపకేంద్రాల్లో చేసే పనికి సంబంధించిన కోర్సు. అది మాత్రమే ఉంటే ఎన్‌ఐసీయూలో స్టాఫ్ నర్సు కాలేరు.

వీలున్నవాళ్లు బీఎస్సీకే వెళ్లడం మంచిది. జీఎన్‌ఎం చేసినవాళ్ల నైపుణ్యం తక్కువని కాదు. ఎయిమ్స్ ఉద్యోగానికి బీఎస్సీ వాళ్లు పాసై రిజిస్టర్ కాగానే దరఖాస్తు చేయవచ్చు, జీఎన్‌ఎం వాళ్లకు మాత్రం యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. ఎమ్మెస్సీకి వెళ్లాలన్నా జీఎన్‌ఎం తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయాల్సి వస్తుంది. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉండి త్వరగా సంపాదన మొదలుపెట్టాల్సినవాళ్లకు జీఎన్‌ఎం దారి నిక్షేపంగా పనికొస్తుంది.

బీఎస్సీ ప్రవేశాలు ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం చూస్తాయి. ఇంటర్ మార్కులా, ప్రవేశ పరీక్షా అన్న పద్ధతి ఈ మధ్య మారుతూ వచ్చింది. అందుకే బైపీసీ వాళ్లు ఈఏపీసెట్ దరఖాస్తు మానకండి, ఆ ఏటి నోటిఫికేషన్ పూర్తిగా చదవండి. అబ్బాయిలు తమకు ఏ కళాశాలల్లో సీట్లు ఉన్నాయో ముందే చూసుకోవాలి. కొన్నింటిలో సీట్లు అమ్మాయిలకే ఇస్తారు.

కళాశాల దగ్గర అడగాల్సినవి

భవనం, బస్సు, హాస్టల్ చూసి చేరితే మూడో ఏడాదిలో బాధపడతారు. బీఎస్సీ కళాశాలకు కనీసం వంద పడకల సొంత ఆసుపత్రి ఉండాలన్నది నిబంధన. అది ఉందని బోర్డు చూపిస్తారు. మీరు చూడాల్సింది లోపల రోగులు ఉన్నారా లేరా అన్నది. నెలకు ఎన్ని కాన్పులు జరుగుతాయి? ఎస్‌ఎన్‌సీయూ (ప్రభుత్వాసుపత్రుల్లోని ప్రత్యేక నవజాత శిశు విభాగం) గానీ ఎన్‌ఐసీయూ గానీ ఉందా, విద్యార్థుల్ని లోపలికి పంపుతారా, అద్దం బయట నుంచి చూపించి తీసుకొస్తారా? ఈ ప్రశ్నలు ప్రిన్సిపాల్‌ని కాదు, మూడో ఏడాది, నాలుగో ఏడాది విద్యార్థుల్ని అడగండి. ఉన్నది ఉన్నట్టు చెబుతారు.

హైదరాబాద్‌లోని నిలోఫర్, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, తిరుపతి రుయా లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో పోస్టింగ్ దొరికే కళాశాల అయితే పని ఒత్తిడి ఎక్కువే. కానీ కామెర్ల బిడ్డ, ఊపిరందని బిడ్డ, పుట్టగానే ఏడవని బిడ్డ, అందరూ నెల రోజుల్లోనే కళ్లబడతారు.

కాలేజీకి రాకపోయినా సర్టిఫికెట్ ఇప్పిస్తామని వేరే రాష్ట్రాల కళాశాలల్లో చేర్పించే ఏజెంట్ల జోలికి వెళ్లకండి. అలా చదివినవాళ్లు 800 గ్రాముల బిడ్డ ముందు నిలబడితే నష్టం బిడ్డకు. విశ్వవిద్యాలయం అనుబంధం, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, భారత నర్సింగ్ కౌన్సిల్ జాబితా, మూడూ ఆ ఏటివే చూసుకున్నాకే ఫీజు కట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చే ముందు అన్నీ స్కాన్ చేసి పెట్టుకుని, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

చదువుకునే రోజుల్లో

ఇప్పటి బీఎస్సీ సిలబస్‌లో చైల్డ్ హెల్త్ నర్సింగ్ ఐదు, ఆరు సెమిస్టర్లలో వస్తుంది. అందులోనే నవజాత శిశు సంరక్షణ మాడ్యూళ్లు ఉంటాయి. ఆరు, ఏడు సెమిస్టర్లలో ప్రసూతి నర్సింగ్. ఎన్‌ఐసీయూ కావాలనుకునేవాళ్లు లేబర్ రూమ్ పోస్టింగ్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. తల్లికి ఉమ్మనీరు ఎప్పుడు పోయింది, బీపీ ఎంత, షుగర్ ఉందా, నెలలు నిండకముందు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారా అన్నవి తెలిస్తేనే వార్మర్ మీదికి వచ్చే బిడ్డకు ఏం జరగబోతోందో ఊహించగలరు. చివరి సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్ ఉంటుంది. పిల్లల విభాగంలో ఎక్కువ వారాలు వేయమని ముందే అడిగి పెట్టుకోండి.

మొదటి ఏడాదే హెపటైటిస్ బి టీకా పూర్తి చేసుకోండి. గోళ్లు పొట్టిగా ఉంచుకోవడం, మోచేతి కింద గాజులు, ఉంగరం, వాచీ లేకుండా ఉండటం అప్పటి నుంచే అలవాటు చేసుకోండి. యూనిట్‌లోకి వెళ్లేటప్పుడు మోచేతుల దాకా రెండు నిమిషాలు సబ్బుతో కడగాలి. ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డ దగ్గరికి వెళ్లే ప్రతిసారీ శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు రుద్దుకోవాలి. గ్లవ్స్ వేసుకున్నాం కదా అని చేతులు రుద్దుకోకపోవడం, అవే గ్లవ్స్‌తో రెండో బిడ్డను ముట్టుకోవడం యూనిట్లో ఇన్ఫెక్షన్ పాకడానికి మామూలుగా కనిపించే కారణాలు.

పాసైన వెంటనే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రిజిస్టర్ చేయించుకోవాలి. కర్ణాటకలోనో తమిళనాడులోనో చదివినవాళ్లు ముందు అక్కడి కౌన్సిల్‌లో రిజిస్టరై, అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని మన కౌన్సిల్‌కు మార్చుకోవాలి. దీనికి నెలలు పట్టవచ్చు, ఉద్యోగ నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే గడువు దాటిపోతుంది.

మొదటి ఉద్యోగం

జీతం రెండు వేలు తక్కువైనా, కొత్తవాళ్లకు సీనియర్‌ను జతచేసి నేర్పించే యూనిట్‌లో చేరండి. ఇంటర్వ్యూలో మీరూ అడగాలి: ఎన్ని వెంటిలేటర్లు, ఎన్ని సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే) యంత్రాలు, ఒక్కో నర్సుకు ఎంతమంది బిడ్డలు? వెంటిలేటర్ మీదున్న బిడ్డకు ఒక నర్సు ఉండటం సరైన లెక్క. ఎస్‌ఎన్‌సీయూలో ముగ్గురు, నలుగురు బిడ్డలకు ఒకరు. ఎనిమిది మంది బిడ్డల్ని, అందులో ఇద్దరు వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లను, చేరిన వారానికే ఒక్కరికి అప్పగించే చోట పని రాదు, భయం మాత్రం వస్తుంది. బాండ్ ఉంటే ఎన్నేళ్లు, మధ్యలో వెళ్తే ఎంత కట్టాలి, ఒరిజినల్స్ పెట్టుకుంటారా అన్నవి సంతకానికి ముందే కాగితం మీద చూసుకోండి.

మొదటి ఆరు నెలల్లో చేతికి రావాల్సిన పనులు

లెక్కలు అన్నిటికన్నా ముందు. పెద్దవాళ్ల వార్డులో ఒక ఆంప్యూల్ అంటే ఒక డోసు. ఇక్కడ ప్రతి డోసూ బరువుతో గుణించాల్సిందే. ఉదాహరణకు 1.2 కిలోల బిడ్డకు అమికాసిన్ అనే యాంటీబయాటిక్ కిలోకు 15 మి.గ్రా. చొప్పున రాశారనుకోండి. 18 మి.గ్రా. కావాలి. 2 మి.లీ.లో 100 మి.గ్రా. ఉండే వయల్ అయితే మి.లీ.కి 50 మి.గ్రా., కాబట్టి 0.36 మి.లీ. తీయాలి. అదే మందు 2 మి.లీ.లో 250 మి.గ్రా.గానూ దొరుకుతుంది, వయల్ చూడటానికి ఒకేలా ఉంటుంది. స్టోర్ నుంచి ఆ రోజు రెండోది వచ్చిందని గమనించకుండా రోజూ తీసినట్టే 0.36 తీస్తే 45 మి.గ్రా. వెళ్తుంది, అంటే రెండున్నర రెట్లు. ఈ మందు ఎక్కువైతే మూత్రపిండాలకూ వినికిడికీ ముప్పు. అందుకే డోసు మి.లీ.లో గుర్తుపెట్టుకోకూడదు. ప్రతిసారీ వయల్ మీద మందు బలం (మి.లీ.కి ఎన్ని మి.గ్రా.) చదవాలి, లెక్క కాగితం మీద వేయాలి, రెండో నర్సు విడిగా లెక్క వేసి సరిచూడాలి. మీ జవాబు చూసి తలూపితే అది సరిచూసినట్టు కాదు.

సెలైన్ లెక్క కూడా ఇలాంటిదే. 1.4 కిలోల బిడ్డకు మొదటి రోజు కిలోకు 80 మి.లీ. చొప్పున 112 మి.లీ. వస్తుంది. 24తో భాగిస్తే గంటకు 4.7. సిరంజి పంప్‌లో దశాంశ చుక్క మరిచి 47 కొడితే రోజంతా వెళ్లాల్సింది రెండున్నర గంటల్లోపే వెళ్లిపోతుంది. పంప్ రేటు డ్యూటీ మారేటప్పుడు ఇద్దరూ మంచం పక్కనే నిలబడి చదవాలి. పుట్టినప్పటి బరువుకు బిడ్డ తిరిగి చేరేదాకా లెక్కలకు ఆ బరువే తీసుకోవాలి.

వెచ్చదనం రెండోది. చంక దగ్గర 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. వార్మర్‌ను బిడ్డ చర్మానికి అతికించిన ప్రోబ్ (ఉష్ణోగ్రత కొలిచే చిన్న పరికరం) నడిపిస్తుంది. వెల్లకిలా పడుకున్న బిడ్డకు దాన్ని పొట్టకు కుడివైపు, పక్కటెముకల కింద అతికిస్తారు, ఎముక మీద కాదు. ప్రోబ్ ఊడి పరుపు మీద పడితే యంత్రం బిడ్డ చల్లబడిందనుకుని వేడి పెంచుతూనే ఉంటుంది, బిడ్డ ఒళ్లు కాలిపోతుంది. వార్మర్ చూపే అంకెను నమ్మి ఊరుకోకుండా థర్మామీటర్ పెట్టి చూడమనేది అందుకే. ముట్టుకుని చూడటం కూడా రావాలి: పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే చలి మొదలైందని, రెండూ చల్లగా ఉంటే ఆలస్యమైందని అర్థం.

పుట్టగానే ఏడవని బిడ్డకు మొదటి నిమిషం కీలకం. తుడిచి, తల సరిగ్గా పెట్టి, ప్రేరేపించినా ఊపిరి తీయకపోయినా, గుండె వేగం నిమిషానికి 100 కన్నా తక్కువున్నా ఆ నిమిషంలోపే బ్యాగ్, మాస్క్‌తో గాలి ఇవ్వడం మొదలుపెట్టాలి, నిమిషానికి 40 నుంచి 60 సార్లు. ఛాతీ లేవకపోతే మొదట మాస్క్ లీకు, తర్వాత మెడ కోణం, ఆ తర్వాత నోట్లో స్రావాలు చూడాలి. కొత్తవాళ్లు కంగారులో బ్యాగ్‌ను గట్టిగా, వేగంగా నొక్కుతారు. దానితో ఊపిరితిత్తి చిల్లు పడే ప్రమాదం ఉంది. ఛాతీ లేచేలా 30 సెకన్లు గాలి ఇచ్చాక కూడా గుండె వేగం 60 దాటకపోతేనే ఛాతీ నొక్కడం, మూడు నొక్కులకు ఒక ఊపిరి చొప్పున. ఇది బొమ్మ మీద పదేపదే చేసి నేర్చుకోవాల్సిన పని. భారత పిల్లల వైద్యుల సంఘం, నేషనల్ నియోనాటాలజీ ఫోరం కలిసి నడిపే ఎన్‌ఆర్‌పీ (ఊపిరి తీయని నవజాత శిశువును బతికించే పద్ధతి) శిక్షణ నర్సులూ చేయవచ్చు. మొదటి ఏడాదే చేసేయండి.

బబుల్ సీప్యాప్ దగ్గరే నర్సు పనితనం తెలుస్తుంది. గొట్టం చివరనున్న నీటి సీసాలో బుడగలు వస్తున్నంతసేపు పీడనం నిలుస్తోందని అర్థం. ఆగిపోతే లీకు ఉన్నట్టు. బిడ్డ దగ్గర మొదలుపెట్టి యంత్రం వైపు వెతకండి: నోరు తెరుచుకుందా, ప్రాంగ్ (ముక్కులో పెట్టే చిన్న గొట్టం) జారిందా, సైజు చిన్నదా, ట్యూబు ఊడిందా, హ్యుమిడిఫయర్ (గాలికి తేమ కలిపే పాత్ర) మూత వదులైందా. బుడగలు బాగానే వస్తూ బిడ్డ మాత్రం నీరసిస్తుంటే ముక్కులో స్రావం అడ్డుపడి ఉండవచ్చు. సీసా వైపు చూసి నిశ్చింతగా ఉండకూడదు. ప్రాంగ్‌కూ రెండు ముక్కు రంధ్రాల మధ్య గోడకూ 2 మి.మీ. ఖాళీ ఉండాలి. ఆనుకుని ఉంటే ఒక్క రాత్రిలో చర్మం కమిలి పుండవుతుంది. గాలి పొట్టలోకి పోయి ఉబ్బకుండా నోటి గొట్టం (నోటి నుంచి పొట్టలోకి వేసేది) మూత తీసి ఉంచాలి. ట్యూబులో చేరిన నీటిని బిడ్డ వైపు రాకుండా వంచి తీసేయాలి.

ఆక్సిజన్ కూడా మందే. నెలలు నిండని బిడ్డ ఆక్సిజన్ మీద ఉన్నప్పుడు మానిటర్‌లో 90 నుంచి 95 శాతం మధ్య ఉంచాలి. 99, 100 చూసి బిడ్డ బాగుందనుకుని వదిలేస్తే ఆ ఎక్కువ ఆక్సిజన్ కంటి రెటీనాను దెబ్బతీస్తుంది. 34 వారాలలోపు గానీ 2 కిలోలలోపు బరువుతో గానీ పుట్టిన బిడ్డకు నెల నిండేలోపు రెటీనా పరీక్ష జరగాలి. డిశ్చార్జి కాగితంలో ఆ తేదీ రాసి తల్లికి నోటితో కూడా చెప్పే బాధ్యత చాలా యూనిట్లలో నర్సుదే. ఆ తేదీ తప్పితే చూపు పోవచ్చు, పోయాక తెచ్చివ్వలేం.

పాలు ఎలా పట్టాలన్నది గర్భం నుంచి లెక్కించిన వారాలను బట్టి ఉంటుంది. పీల్చడం, మింగడం, ఊపిరి మూడూ కలిసి కుదిరేది సుమారు 34 వారాలకు. అంతకుముందు 32 నుంచి 34 మధ్య ఉగ్గుగిన్నెతో పడతారు, ఇంకా చిన్నవాళ్లకు నోటి గొట్టం. మన ఇళ్లలో తరతరాలుగా వాడే ఉగ్గుగిన్నె ఆకారమే ఎస్‌ఎన్‌సీయూలో వాడే పాలాడై. గిన్నె మూతి పెదవి మూలన ఆనించి కొద్దికొద్దిగా వంచాలి, బిడ్డ మింగాకే మళ్లీ. తొందరపడి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గొట్టంతో పట్టేటప్పుడు సిరంజి పిస్టన్‌తో నెట్టకుండా పాలు వాటంతట అవి దిగేలా ఎత్తులో పట్టుకోవాలి. పొట్ట ఉబ్బినా, ఆకుపచ్చ వాంతి అయినా, మలంలో నెత్తురు కనిపించినా పాలు ఆపి డాక్టరును వెంటనే పిలవాలి.

క్యాన్యులా (నరంలోకి పెట్టే సన్నని గొట్టం) ఎక్కించడం రాలేదని మొదటి నెలలో బెంగపడకండి, అది చేయగా చేయగా వస్తుంది. ఎక్కించాక గంటకోసారి ఆ చోటు చూడటం మాత్రం మొదటి రోజు నుంచే రావాలి. కాల్షియం గానీ గాఢమైన డెక్స్‌ట్రోజ్ గానీ నరం బయటికి కారితే చర్మం, కండ చచ్చిపోతాయి. క్యాన్యులా మీద దళసరిగా ప్లాస్టర్ చుట్టేస్తే వాపు కనబడదు. సూది దిగిన చోటు కనిపించేలా అతికించాలి.

తల్లి, అమ్మమ్మ, నాయనమ్మ

కంగారూ కేర్ (బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి ఉంచడం) 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్ల కొరతలో మొదలైంది. నెలలు నిండని, బరువు తక్కువ బిడ్డలకు రోజుకు 8 నుంచి 24 గంటలు, పుట్టిన వెంటనే మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. బిడ్డకు టోపీ, సాక్సులు, డైపర్ తప్ప ఏమీ లేకుండా తల్లి రొమ్ముల మధ్య నిలువుగా, తల ఒక పక్కకు తిప్పి, ముక్కు కనిపించేలా పెట్టాలి. గంట కన్నా తక్కువసేపు పెట్టి తీయడం మంచిది కాదు, అటూ ఇటూ మార్చే కుదుపే బిడ్డకు ఎక్కువవుతుంది. తల్లి ఐసీయూలో ఉంటే తండ్రి, అమ్మమ్మ కూడా పెట్టుకోవచ్చు.

ఇంటికి వెళ్లేటప్పుడు తేనె నాకించడం, ఆముదం పోయడం, కళ్లకు కాటుక, ముక్కులో నూనె, ఉబ్బిన బిడ్డ రొమ్ములు పిండటం, వీటన్నిటి గురించీ అడుగుతారు. అన్నీ వద్దనే చెప్పాలి, కానీ కోడలి ముందు అత్తగారిని కసురుకుంటే ఆ ఇంట్లో మీ మాట చెల్లదు. “అమ్మా, మీరు ఇంతమందిని పెంచారు, పెద్దవారు. ఈ బిడ్డ ఇంకా నెలలు నిండనిది, పేగు పచ్చిది. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప ఇంకేదీ తట్టుకోదు, ఆ మాట నిలబెట్టాల్సింది మీరే” అని ఆమెనే కాపలా పెట్టండి. ప్రమాద సంకేతాలు కూడా ఆమెతోనే తిరిగి చెప్పించండి: పాలు తాగకపోవడం, ఒళ్లు చల్లబడటం లేదా కాలడం, ఎగశ్వాస, అరికాళ్ల దాకా పసుపు.

ఆ తర్వాత

ఏడాది అనుభవం వచ్చాక భారత నర్సింగ్ కౌన్సిల్ పాఠ్యక్రమంలో ఉన్న పోస్ట్ బేసిక్ డిప్లొమా ఇన్ నియోనాటల్ నర్సింగ్ చేయవచ్చు. ఏడాది కోర్సు, ఎక్కువ భాగం యూనిట్‌లోనే. బోధన వైపు వెళ్లాలనుకుంటే రెండేళ్ల ఎమ్మెస్సీ, చైల్డ్ హెల్త్ నర్సింగ్. బిడ్డ పక్కనే ఉండాలనుకునేవాళ్లకు డిప్లొమానే ముందు పనికొస్తుంది.

ప్రభుత్వ ఉద్యోగానికి తెలంగాణలో వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష పెడుతుంది. ఎయిమ్స్‌లన్నిటికీ, మంగళగిరి, బీబీనగర్ సహా, నార్‌సెట్ అనే ఒకే పరీక్ష ఉంది, ప్రిలిమ్స్, మెయిన్స్ రెండు దశల్లో. మూల వేతనం 44,900 రూపాయల దగ్గర మొదలవుతుంది. ఉద్యోగం రాగానే ఎస్‌ఎన్‌సీయూలోనే వేస్తారన్న హామీ లేదు. అక్కడ శిక్షణ పొందిన నర్సుల్ని వేరే వార్డులకు మార్చకూడదని జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి కాబట్టి, చేరేటప్పుడే మీ ఎన్‌ఐసీయూ అనుభవ పత్రం, ఎన్‌ఆర్‌పీ సర్టిఫికెట్ జతచేసి రాతపూర్వకంగా కోరండి.

విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లకు రెండేళ్ల ఎన్‌ఐసీయూ అనుభవం బలం. బ్రిటన్‌కు ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ ఇంగ్లిష్ పరీక్ష, తర్వాత సీబీటీ (కంప్యూటర్ మీద రాసేది), అక్కడికి వెళ్లాక ఆస్కీ (చేసి చూపించే) పరీక్ష. గల్ఫ్‌కు ఆయా దేశాల లైసెన్సు పరీక్ష, సర్టిఫికెట్ల తనిఖీ, అమెరికాకు ఎన్‌క్లెక్స్ లైసెన్సు పరీక్ష. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ విదేశీ ఉద్యోగాలు చూపే ప్రభుత్వ సంస్థలే, ఏజెంటు దగ్గరికి వెళ్లే ముందు అక్కడ అడగండి. అనుభవ పత్రం మీద “స్టాఫ్ నర్సుగా పనిచేశారు” అని మాత్రమే రాయించుకుంటే తర్వాత చిక్కే. ఏ యూనిట్, ఎన్ని పడకలు, ఎన్ని వెంటిలేటర్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నవన్నీ ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, నర్సింగ్ సూపరింటెండెంట్ సంతకంతో, మానేసే రోజే తీసుకోండి. సూపరింటెండెంట్ మారిపోయాక ఆ కాగితం కోసం తిరగడం చాలా కష్టం.